తీసినా, తీయకున్నా

రెండేళ్ళ క్రితం మా అమ్మ పెరట్లో పాచి మీద కాలు జారి పడింది. పడబోతూ నేలకి ఆన్చిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టిన డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసి, ఎముకలు బాగా గుల్లబారాయన్నాడు. “నెలసరి ఎప్పుడాగిందమ్మా?” అనడిగాడు.

“ఆపరేషనుతోనే ఆగిపోయింది బాబూ. గర్భసంచి తీయించేసుకున్నాగా.”

“అప్పుడు మీకెన్నేళ్ళు?”

“ముప్ఫైరెండు.”

“సంచి ఒక్కటే తీశారా? అండాశయాలు కూడా తీశారా?”

అమ్మ నా వంక చూసింది, ఇంత చదువు చదివిన కూతురికి తెలియకుండా ఉంటుందా అన్నట్టు. నాకు తెలియదు. అది 1996. నాకు ఎనిమిదేళ్ళు. గుర్తున్నదల్లా అమ్మమ్మ వచ్చి మా ఇంట్లో రెండు నెలలుండడం, అమ్మ మెడలో గొలుసు తాకట్టుకెళ్ళి సూత్రాలు పసుపుతాడుకి మారడం. నెలనెలా ఎక్కువైపోతున్న రక్తస్రావానికి టౌనులో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళితే, పిల్లలున్నారుగా, ఇంకెందుకు ఈ సంచి, ఉంచితే కాన్సరవుతుంది అన్నారట. మూడో రోజు ఆపరేషను.

అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఒక కాగితం దొరికింది. ఆ నర్సింగ్ హోమ్ బిల్లు. తారీఖు, అమ్మ పేరు, మా నాన్న పేరు. కింద ఒకే ఒక్క వరస: ఆపరేషను, మందులు, రూము కలిపి ఎనిమిది వేలు. దాన్ని ఫోటో తీసి హైదరాబాదులో ఉన్న మా చెల్లికి పంపాను. చెల్లి మెడికల్ కోడర్. వెంటనే ఫోన్ చేసింది. “ఇది బిల్లా అక్కా? మా దగ్గర ఏ కంప్యూటరూ దీన్ని గుమ్మం దాటనివ్వదు.”

ఆ మాట నాలో చాలా రోజులు తిరిగింది. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే.

మా చెల్లి చేసే పని గురించి చెప్పాలి. హైదరాబాదులో సైన్సు డిగ్రీలు చేసిన ఆడపిల్లలు చాలామంది ఈ పనిలో ఉన్నారు. అమెరికాలో ఒక డాక్టరు ఒక రోగికి ఏం చేశాడో రాసిన నోట్సు వీళ్ళ తెర మీదికి వస్తుంది. దాన్ని చదివి, జబ్బుకొక కోడు, చేసిన చికిత్సకొక కోడు వెయ్యాలి. ఆ కోడ్లని బట్టే అక్కడ బీమా డబ్బు వస్తుంది. చికిత్సల కోడ్లకి సి.పి.టి. అని పేరు. 1966లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మొదలుపెట్టిన పుస్తకం. ఒక్కో పనికి అయిదంకెల సంఖ్య.

చెల్లి ఆ సర్టిఫికెట్ పరీక్షకి చదివే రోజుల్లో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను థీసిస్ చివరి అధ్యాయంలో ఉన్నాను. స్త్రీల కథల్లో శరీరం అన్నది నా విషయం. నా టేబుల్ మీద శరీరం అస్తిత్వంగా, రాజకీయంగా, ధిక్కారంగా ఉండేది. చెల్లి టేబుల్ మీద అదే శరీరం అయిదంకెలుగా ఉండేది. ఇంగ్లీషు వాక్యం అర్థం కానప్పుడు చెల్లి నన్ను అడిగేది. అలా ఆ పుస్తకం నేనూ చదివాను. ‘ఎడిట్’ అనే మాటకి ఇంకో అర్థం ఉందని అప్పుడే తెలిసింది. నాకు ఎడిట్ అంటే సంపాదకులు నా వ్యాసంలోంచి ఎత్తేసే వాక్యం. వాళ్ళకి ఎడిట్ అంటే బిల్లు దారికి అడ్డంగా నిలబడే నియమం.

అరవై అయిదేళ్ళు దాటినవాళ్ళకీ, కొన్ని వైకల్యాలున్నవాళ్ళకీ అమెరికా ప్రభుత్వం మెడికేర్ అనే బీమా నడుపుతుంది. అందులో తప్పు చెల్లింపుల్ని ఆపడానికి 1996 జనవరి 1 నుంచి ‘నేషనల్ కరెక్ట్ కోడింగ్ ఇనిషియేటివ్’ అమలులోకి వచ్చింది. మా అమ్మ ఆపరేషను జరిగిన సంవత్సరమే. 2010 నాటి ఆరోగ్య చట్టంతో పేదల బీమా అయిన మెడికెయిడ్‌కి కూడా దాన్ని వర్తింపజేశారు. అందులో ప్రధానమైనది జంటల పట్టిక. రెండు నిలువు వరసలు. ఒకే డాక్టరు, ఒకే రోగికి, ఒకే రోజు చేసినట్టు రెండు వరసల్లోని జంట కోడ్లు రెండూ బిల్లులో వస్తే, మొదటి వరసలో ఉన్నదానికి డబ్బిస్తారు, రెండోదాన్ని కొట్టేస్తారు. పక్కన ఒక అంకె ఉంటుంది. సున్నా ఉంటే మినహాయింపు లేదు. ఒకటి ఉంటే తగిన కారణం చూపించి దాటొచ్చు. ఈ పట్టికని మూడు నెలలకోసారి మారుస్తారు. మన పత్రికలాగే అదీ త్రైమాసికమే అని అప్పట్లో చెల్లితో వేళాకోళమాడాను.

ఎందుకీ పట్టిక? పొట్ట కోసి లోపల చూడడానికి ఒక కోడుంది, 49000. గర్భసంచి తీయడానికి వేరే కోడుంది. పొట్ట కోయకుండా పై నుంచి సంచి తీయడం సాధ్యం కాదు కాబట్టి, ఆ ఆపరేషను చేసినప్పుడు ‘తెరిచి చూశాను’ అని ఇంకో బిల్లు వెయ్యకూడదు. వేస్తే దాన్ని ‘అన్‌బండ్లింగ్’ అంటారు. మూట విప్పి, అందులోని ఒక్కో వస్తువుకీ విడిగా వెల కట్టడం.

ఒకసారి సెలవులకి వెళ్ళినప్పుడు చెల్లి ఇదంతా అమ్మకి చెబుతోంది. అమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది. అంతా విని, “ఇందులో ఏముందే. కూర వండితే ఉల్లిపాయలు తరిగినందుకు వేరే కూలి ఎవరిస్తారు? అదీ అందులోదే” అంది.

మా ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే అమ్మ జీవితమంతా ఆ ‘అదీ అందులోదే’ అన్న మాట కింద గడిచింది. పెళ్ళి అన్న ఒక్క కోడులో వంట, పిల్లలు, పాడి, అత్తగారి పక్షవాతం అన్నీ కలిసిపోయాయి. ఇంటిపనికి లెక్క కట్టాలని మనం రాసినప్పుడల్లా చేసింది మూట విప్పడమే. నీళ్ళు తేవడానికింత సేపు, ముసలివాళ్ళ సేవకింత సేపు అని విడదీసి చూపిస్తే తప్ప ఆ పని పనిగా కనపడలేదు. అక్కడ మోసమైనది ఇక్కడ రాజకీయమవుతుంది. మూట విప్పడం తప్పా ఒప్పా అన్నది ఎవరు విప్పుతున్నారు, ఎవరి జేబు నుంచి ఎవరికి పోతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మెడికేర్ లెక్కలో పెద్ద ఆపరేషన్‌కి ఇచ్చే డబ్బులోనే తర్వాతి 90 రోజుల మామూలు పర్యవేక్షణ కూడా కలిసి ఉంటుంది. కుట్లు విప్పడం, గాయం చూడడం అన్నీ అందులోవే. ఇది చదివినప్పుడు నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకి తొంభై రోజుల పర్యవేక్షణ లేదు. అరవై రోజుల అమ్మమ్మ ఉంది. ఆమె వేడినీళ్ళు పెట్టింది, పథ్యం వండింది, మమ్మల్ని బడికి పంపింది, గేదె పాలు పితికింది. ఏ పట్టికలోనూ మొదటి వరసలోకి రాని పని.

ఈ ఎడిట్లని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. అవి చేసే మేలు ఉంది. ఇలా ఎడిట్ వల్ల కొట్టేసిన డబ్బుని డాక్టరు రోగి దగ్గర వసూలు చేసుకోకూడదన్నది అక్కడి నిబంధన. ఎక్కడో ఒక ముసలామె తనకి అర్థం కాని రెండో బిల్లు కట్టకుండా ఒక నియమం అడ్డుపడుతోంది. నియమాలున్న చోట వాటిని దాటే దారులూ ఉంటాయి. రెండు పనులూ నిజంగా వేర్వేరు అని చెప్పడానికి కోడు వెనక 59 అనే గుర్తు తగిలిస్తారు. 2003 ఆర్థిక సంవత్సరంలో ఆ గుర్తుతో వచ్చిన జంటల్లో నూటికి 40 నిబంధనలకి సరిపోలేదని, దానివల్ల 5 కోట్ల 90 లక్షల డాలర్లు తప్పుగా చెల్లించారని ఆ దేశ ఆరోగ్యశాఖ తనిఖీ విభాగమే 2005లో తేల్చింది. ఆ తర్వాత 2015లో ఆ గుర్తుని విడగొట్టి మరో నాలుగు కచ్చితమైన గుర్తులు పెట్టారు. దొంగా పోలీసూ ఆటలా అనిపించినా, ఆ ఆటలో నియమాలు అందరికీ కనపడేలా రాసి ఉన్నాయి. తప్పు జరిగితే తప్పని చెప్పే కాగితం ఉంది.

2007లో ఇంకో రకం ఎడిట్లు చేరాయి. ఒక రోజులో ఒక రోగికి ఒక పని గరిష్ఠంగా ఎన్నిసార్లు జరగగలదో అవి చెబుతాయి. అపెండిక్స్ తీసేయడం ఒక్కసారే, ఎందుకంటే మనిషికి ఒక్కటే అపెండిక్స్. గర్భసంచీ అంతే. రెండోసారి తీశామని ఎవరైనా బిల్లు పెడితే కంప్యూటరు ఆపేస్తుంది. ఆ ఒక్కసారి తీయాల్సిన అవసరం ఉందా అన్న ప్రశ్న మాత్రం ఆ పట్టికది కాదు.

పొట్ట కోసి గర్భసంచి మొత్తం తీసే ఆపరేషను కోడు 58150. అమ్మ చెయ్యి విరిగాక చెల్లి దాని వివరణ నాకు మళ్ళీ చదివి వినిపించింది. గర్భాశయం, దాని ముఖద్వారం తీయడం. నాళాలు తీసినా తీయకున్నా, అండాశయాలు తీసినా తీయకున్నా అదే కోడు. అండాశయాలు, నాళాలు తీయడానికి 58720 అని విడిగా కోడు ఉంది. కానీ దాన్ని దీని పక్కన వేస్తే ఎడిట్ ఆపేస్తుంది. ఎందుకంటే అదీ అందులోదే.

లెక్క ప్రకారం ఇది న్యాయమే. ఎలాగూ పొట్ట తెరిచి ఉంది, ఇంకో పక్కకి కత్తి జరిపినందుకు ఇంకో ఆపరేషను డబ్బు అడగడం బాగుండదు. కానీ ముప్ఫైరెండేళ్ళ ఆడమనిషికి ఆ ‘తీసినా, తీయకున్నా’ల మధ్య దూరం ఒక జీవితమంత. గర్భసంచి పోతే నెలసరి ఆగుతుంది, బిడ్డలు పుట్టరు. అండాశయాలు కూడా పోతే ఆ క్షణం నుంచే ముట్లుడిగిన వయసు మీద పడుతుంది. వాటితోపాటు ఈస్ట్రోజెన్ పోతుంది. ఎముకలు త్వరగా గుల్లబారతాయి. గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. డబ్బు చెల్లించేవాడికి తేడా లేని చోట, ఆ శరీరంలో ఉండే మనిషికి ఉన్న తేడా అంతా ఉంది.

చెల్లి పని చేసే వ్యవస్థకి ‘కరెక్ట్’ అనే మాట పేరులోనే ఉంది. సరైన కోడింగ్. అది సరైన బిల్లుకి హామీ ఇస్తుంది. అక్కర్లేని ఆపరేషన్‌కి కూడా బిల్లు సరిగ్గా ఉండొచ్చు. అవసరం ఉందా లేదా అని చూసే పద్ధతులు అక్కడ వేరే ఉన్నాయి. ఈ ఎడిట్లు మాత్రం ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోకుండా కాపలా కాస్తాయి. కాపలా డబ్బుకి. శరీరానికి కాదు. ఇందులో ఎడిట్ తప్పు లేదు. అది చేయని పనిని అది చేస్తోందని మనం అనుకుంటే ఆ తప్పు మనది.

అమ్మకి బీమా లేదు. ఉంటే ఏమయ్యేది? ఈ ప్రశ్నకి జవాబు మన దేశంలోనే ఉంది. 2008లో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన వచ్చింది. పేద కుటుంబానికి ఒక స్మార్ట్ కార్డు, ఏడాదికి 30 వేల రూపాయల దాకా వైద్యం. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఆ కార్డుల కోసం అవసరం లేని ఆడవాళ్ళకి కూడా గర్భసంచులు తీసేశాయని డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పదేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. అనవసరమైన ఆపరేషన్లని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ తయారుచేసిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చెయ్యాలని కోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. కార్డు లేనప్పుడు అమ్మ గొలుసు పోయింది. కార్డున్న చోట గొలుసు మిగిలింది, సంచి పోయింది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని గర్భసంచి తీయించుకున్నారా అని అడిగింది. దేశం మొత్తమ్మీద అవునన్నవాళ్ళు నూటికి 3.2. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. అమ్మ వయసు ఆ సర్వే పరిధి దాటిపోయింది కాబట్టి ఆమె ఈ అంకెల్లో లేదు. మా పిన్ని ఉంది. మా వీధిలో పాలు పోసే ఆమె ఉంది. మన సభలకి వచ్చి వెనక వరసలో కూర్చునేవాళ్ళలో ఎంతమంది ఉన్నారో మనం ఎప్పుడూ అడగలేదు. మాతృత్వం మీద, లైంగికత మీద మనం చాలా రాశాం. నా థీసిస్‌లో గర్భం మీద 40 పేజీలున్నాయి. గర్భసంచి తీసేయడం మీద ఒక్క పేరా లేదు. ఆ రోజుల్లో అమ్మ మా గదికి వచ్చి వారం ఉంది. కిటికీ పక్కన కూర్చుని, నడుం నొప్పికి అమృతాంజనం రాసుకుంటూ, నా పుస్తకాల గుట్ట వైపు చూసి, “ఇవన్నీ ఆడవాళ్ళ గురించేనా?” అని అడిగింది. అవునన్నాను గర్వంగా.

కోడర్లకి మొదటి రోజే నేర్పే సూత్రం ఒకటుంది. రాయనిది జరగనట్టే. డాక్టరు నోట్సులో లేని పనికి, ఎంత ఊహించగలిగినా, కోడు వెయ్యకూడదు. చెల్లికి ఇది ఎంత అలవాటంటే ఇంట్లో గొడవల్లో కూడా “అది రాసుందా?” అంటుంది. అక్కడ ఆ సూత్రం చేయని పనికి డబ్బు గుంజకుండా ఆపుతుంది. అమ్మ విషయంలో అది తలకిందులైంది. జరిగినదాన్ని రాయలేదు. బయటికి తీసినదాన్ని పరీక్షకి పంపారో లేదో తెలియదు. అమ్మకి చెప్పలేదు. సంతకం మా నాన్నది. ఆయన్ని అడిగితే, “లోపల చెడిపోయిందంతా తీసేశామన్నారమ్మా, నేనేం చదివానని అడగను” అన్నాడు. నర్సింగ్ హోమ్ ఉన్న చోట ఇప్పుడు ఫర్నిచర్ షాపుంది.

స్కాన్ చేయించాం. రిపోర్టులో గర్భాశయం లేదు, అండాశయాలు కనిపించలేదు అని రాశారు. కనిపించలేదంటే లేవనా అని అడిగాను. ఈ వయసుకి అవి ఉన్నా చిన్నవైపోతాయమ్మా, ఒక్కోసారి కనపడవు అంది స్కాన్ చేసిన డాక్టరు. మళ్ళీ అదే. తీసినా, తీయకున్నా.

ఇంటికొచ్చాక అమ్మ అంది, ఎవరూ అడక్కుండానే: “ఆపరేషనైన నెలలోపే ఒళ్ళంతా సెగలు వచ్చేవి. రాత్రిళ్ళు లేచి చీర తడుపుకుని పడుకునేదాన్ని. వేడి చేసిందని మీ అమ్మమ్మ సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేది.” ఇరవై ఏడేళ్ళుగా ఆ మాట అమ్మ నోట రాలేదు. ఏ డాక్టరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో చెల్లికి చెప్పాను. జబ్బుల కోడ్ల పుస్తకంలో శరీరంలోంచి తీసేసినవాటికి కూడా కోడ్లున్నాయి. ఆ లేమిని అక్కడ ‘సంప్రాప్తమైనది’ అంటారు. పుట్టుకతో కాక తర్వాత వచ్చిన లేమి. రెండు అండాశయాలూ లేకపోతే జడ్ 90.722. గర్భాశయం, ముఖద్వారం రెండూ లేకపోతే జడ్ 90.710. “అమ్మకి ఏది వేస్తావే?” అని అడిగాను. చెల్లి కాసేపు మాట్లాడలేదు.

“సెగల్ని బట్టి వెయ్యకూడదక్కా. ముఖద్వారం ఉందో లేదో కూడా కాగితం మీద లేదు. వదిలెయ్యాలి.”

“వదిలేస్తే?”

“వదిలేస్తే ఖాళీగా ఉంటుంది.”

పొద్దున్నే అమ్మ చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. కట్టు విప్పి వారమే అయింది, వేళ్ళు ఇంకా పట్టు చిక్కలేదు. నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. తన ఆపరేషను సంగతి తనే రాసింది, వంకర టింకర అక్షరాలతో, సగం పేజీ. ఏ నెల, ఏ ఊరు, ఎవరు చేశారు, ఎంత అయింది. తర్వాత వచ్చిన సెగలు. చివర్న ఏం రాయాలో అడిగింది. ఏం తీశారో రాయమన్నాను. అమ్మ కొంచెంసేపు ఆలోచించి, ‘ఏం తీసిందీ నాకు చెప్పలేదు’ అని రాసి, కింద సంతకం పెట్టింది.

ఆ పేజీని స్కాన్ రిపోర్టుతో కలిపి ఫైల్లో పెట్టాను. తర్వాత ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన దాన్ని చివరిదాకా చదివాడు. మందు చీటీ రాసేముందు, అమ్మ వైపు తిరిగి, ఆ సెగలు ఎన్నాళ్ళు వచ్చాయమ్మా అని అడిగాడు.